సొరంగంలో చచ్చినవాళ్ళ పేర్లు

అమెరికా బొమ్మల కథ గురించి మన పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. సామ్రాజ్యవాద సంస్కృతి సరుకని ఒక్క మాటతో పక్కకు నెట్టడం సులువే. కానీ కాసిపేట గని కార్మికుల పిల్లలు సెల్‌ఫోన్లలో ఈ వీరుల సినిమాలే చూస్తున్నారు. వాటి మూలకథల్లో నాకు బాగా ఇష్టమైన 'మ్యూటంట్ మాసకర్'ను ఈమధ్య మళ్ళీ చదివాను.

1986 చివర్లో మార్వెల్ సంస్థ 'ఎక్స్-మెన్', 'ఎక్స్-ఫ్యాక్టర్', 'న్యూ మ్యూటంట్స్', 'థోర్' వంటి పత్రికలన్నిటి గుండా నడిపిన ఉమ్మడి కథ ఇది. పైలోకం వెలివేసిన మోర్లాక్‌లు న్యూయార్క్ కింద సొరంగాల్లో బతుకుతుంటారు. మరాడర్లనే హంతకముఠా దిగి వాళ్ళను ఊచకోత కోస్తుంది. వీరుల జట్లు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. కొలోసస్, నైట్‌క్రాలర్, కిట్టీ ప్రైడ్ గాయాలతో పడిపోతారు. వీరుల కథలో ఇంత ఓటమిని ఒప్పుకోవడం చిన్న సాహసం కాదు. నాకు ఈ కథ ఇప్పటికీ నచ్చేది అందుకే.

అయితే మోర్లాక్ అన్న పేరు హెచ్.జి. వెల్స్‌ది. 1895లో వెలువడిన 'ది టైమ్ మెషీన్'లో సోషలిస్టయిన వెల్స్ చూపిన మోర్లాక్‌లు భూగర్భంలోకి నెట్టబడిన కార్మికుల సంతతి. క్రిస్ క్లేర్‌మాంట్ 1983లో ఆ పేరు తెచ్చుకున్నాడు, శ్రమను అక్కడే వదిలేశాడు. ఆయన మోర్లాక్‌లు పైవాళ్ళ కోసం ఏదీ తవ్వరు, ఏ యంత్రమూ తిప్పరు. అందుకే వాళ్ళ చావుకు సామాజిక కారణం దొరకక, మిస్టర్ సినిస్టర్ అనే దుష్ట శాస్త్రవేత్తను తర్వాతి సంచికల్లో తేవలసి వచ్చింది. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. గని మునిగిందంటే పాత పనుల్లో నిలిచిన నీరెంత, మధ్యలో వదిలిన బొగ్గుగోడ మందమెంత, సర్వే పటం సరైనదేనా అని మనం అడుగుతాం. ఈ కథ అలాంటి ప్రశ్నకు చోటే ఇవ్వదు.

నాయకత్వం సంగతీ అంతే. ద్వంద్వయుద్ధంలో గెలిచి మోర్లాక్‌ల నాయకురాలైన స్టార్మ్ కాపురం మాత్రం పైన భవనంలోనే. (బాయి దిగని నాయకులు మనకూ కొత్త కాదు.)

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది శామ్ గత్రీ విషయం. 1982లో వచ్చిన 'న్యూ మ్యూటంట్స్' తొలి కథలోనే అతను కెంటకీ బొగ్గుగని కుర్రాడు. తండ్రి ఊపిరితిత్తుల్లో బొగ్గుధూళి నిండి చనిపోయాడు. గని కూలినప్పుడే ఇతనికి శక్తి వస్తుంది. పైకప్పును కడ్డీతో తట్టి, డొల్లగా మోగితే వెనక్కి జరగాలని తెలిసినవాడు వీరులందరిలో ఇతనొక్కడే అయివుండాలి. భూగర్భంలో జరిగే కథలో అతని గని అనుభవానికి రచయితలు పనే చెప్పలేదు.

అందరికీ గుర్తుండే బొమ్మ ఏంజెల్‌ది. రెక్కలకు ఈటెలు గుచ్చి గోడకు దిగగొట్టిన ఆ బొమ్మ భయంకరమే. కానీ ఆ ఏంజెల్ కోటీశ్వరుడు. పోయిన రెక్కల స్థానంలో అతనికి లోహపు రెక్కలు వచ్చాయి, వాటి మీద ఏళ్ళ తరబడి కథలు నడిచాయి. చచ్చిన మోర్లాక్‌లలో చాలామందికి పేరైనా లేదు. చివరికి థోర్ ఆ సొరంగాల్లో శవాలకు నిప్పు పెడతాడు. మా దగ్గర ప్రమాదమైతే బాయి మీదికి ఉరికొచ్చిన ఆడవాళ్ళు మొట్టమొదట అడిగేది పేర్లు. థోర్ నిప్పు పెట్టేముందు వాల్టర్ సైమన్‌సన్ ఒక్క పేజీ ఆ పేర్లకు ఇచ్చివుండవలసింది.