నిప్పు ఒప్పుకున్న పని

తొలి ప్రదర్శన పుస్తకానికి ముందుమాట అడిగితే నాలుగు ఆశీస్సులు రాసి సంతకం పెట్టడం మన దగ్గర వాడుక. ఈ అమ్మాయి పనికి అది చాలదు. రాజమహేంద్రవరంలో ఈ బల్లల మీద కొలువుతీరిన కూజాలు, మూకుళ్లు, మూతల జాడీలు ఎక్కడి మట్టితో, ఎవరెవరి చేతుల ఆసరాతో ఇంతదాకా వచ్చాయో చూడవచ్చినవారికి తెలియాలి. గూడూరులో సిరామిక్స్ చదువుకుని, ఉద్యోగమంతా పింగాణీ కార్ఖానాల్లో బట్టీల ముందు గడిపినవాణ్ని కనుక ఆ మాట చెప్పే హక్కు కొంత నాకుందనుకుంటాను.

అమ్మాయి తాతగారు కుమ్మరి. గోదావరి పాయ పక్కన ఊరు. దాకలు, ముంతలు, కాగులు, పెళ్లిళ్లకు ఐరేని కుండలు చేసి ఇల్లు నడిపారు. స్టీలూ ప్లాస్టిక్కూ వచ్చాక ఆ రాబడి తగ్గిపోయి, కొడుకు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరారు. మా వైపు కుమ్మరి ఇళ్లలో ఆడవాళ్లు మట్టి తొక్కుతారు, రాళ్లు ఏరతారు, ఎండిన కుండలు ఆవానికి మోస్తారు, సంతకు తీసుకెళ్లి అమ్ముతారు. సారె మాత్రం ముట్టుకోరు. ఆ ఇంట్లో ఆ కట్టుబాటును పక్కన పెట్టినవారు డెబ్బై దాటిన ఆ తాతగారే. బంధువులు నాలుగు మాటలన్నారు. ఆయన వినిపించుకోలేదు. “నా చేతిలోది నాతోనే పోద్దమ్మా, ఎక్కి కూర్చో” అని మనవరాలిని సారె ముందు కూర్చోబెట్టారు. ఈ ప్రదర్శన మొదలైంది ఆ రోజునే అని నా లెక్క.

తాతగారి దగ్గర చేయి కుదిరాక ఆమె ఒక గురువు దగ్గర చేరింది. పుదుచ్చేరిలో రే మీకర్, డెబోరా స్మిత్ 1971లో నెలకొల్పిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో నేర్చుకున్న మనిషి ఆయన. దక్షిణాదిలో చాలామంది కళాకారులకు స్టోన్‌వేర్ దారి చూపిన చోటు అది. స్టోన్‌వేర్ అంటే 1,200 డిగ్రీలు దాటిన వేడిలో మట్టి గట్టిపడి రాయిలా మారిన పాత్ర. ఊరి ఆవం అంత వేడికి పోదు. అందుకే ఊరి కుండ గోడలో సన్నని రంధ్రాలు మిగులుతాయి, నీరు వాటిగుండా చెమర్చి ఆరుతుంది కాబట్టే వేసవిలో కుండనీళ్లు చల్లగా ఉంటాయి. ఆ కుండ ఒక శాస్త్రం, ఈ జాడీ ఇంకొక శాస్త్రం. గురువుగారు మొదటి ఏడాది ఆమె తీసిన ప్రతి పాత్రనూ సారె మీదే తీగతో నిలువునా కోయించారు, గోడ మందం పైనుంచి కిందదాకా ఎలా దిగిందో చూపించడానికి. దాచుకోవడానికి ఒక్కటీ మిగలనివ్వలేదు. అంత కఠినంగా నేర్పేవాళ్లు దొరకడం ఈ రోజుల్లో భాగ్యం.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి పూతలది. తాతగారు కుండలకు తవ్వే చెరువు మట్టిని ఆమె కొత్త బట్టీలో కాల్చబోయింది. ఇనుము ఎక్కువగా ఉన్న ఆ ఎర్రమట్టి అంత వేడికి నిలవదు, ఉబ్బి, కుంగి, కరిగిపోతుంది. పాత్రలకు వేరే మట్టి తప్పలేదు. ద్వారకా తిరుమల ప్రాంతపు బంకమట్టి, నెల్లూరు వైపు ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ కలిపి ముద్ద తయారు చేసుకుంది. తాత మట్టిని వదిలేయాలా అని దిగులుపడుతూ నా దగ్గరకు వచ్చింది. “కరిగిపోతోందని ఏడుస్తున్నావా? కరిగేదాన్నే కదమ్మా పూత అంటాం” అన్నాను. ఆ తర్వాతి పనంతా ఆమెదే. చెరువు మట్టిని నీళ్లలో పలచగా కలిపి, గుడ్డలో వడగట్టి, దానికి సరుగుడు కట్టెల బూడిద చేర్చింది. కట్టె బూడిదలోని సున్నం మట్టిని కరిగిస్తుంది. బట్టీలో మంటకు గాలి తగ్గిస్తే ఆ పూత నల్లటి గోధుమరంగులోకి తిరుగుతుంది, అంచుల దగ్గర పలచబడి తుప్పు రంగు తేలుతుంది. దాని మీద ఊక బూడిద పూత. వడ్ల ఊక బూడిదలో సుమారు తొంభై శాతం సిలికానే. జపాన్ కుమ్మరులు ఇలాంటి పూతను నుకా అంటారు. రెండూ కలిసిన చోట పాలనురగలాంటి తెలుపు, లోపల నీలి ఛాయ. కోనసీమ పొలాల ఊక, తీరపు సరుగుడు, తాత తవ్విన చెరువు మట్టి, మూడూ ఇక్కడ పెట్టిన పెద్ద మూకుడు గోడ మీద ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. రంగు డబ్బా కొని పూసిన పాత్రలో ఈ నేల కనిపించదు.

బూడిద ఏ రెండు మూటలూ ఒకటిగా ఉండవు. అందుకే లెక్క రాసుకోవాలి. ఆ లెక్క అమ్మగారిది. డ్వాక్రా సంఘానికి పుస్తకాలు రాసే ఆవిడ, కూతురి బట్టీ పుస్తకమూ అలాగే రాసింది. ఏ మూట బూడిద, ఎన్ని పాళ్లు, ఏ గంటకు ఎంత వేడి, తలుపు తీసినప్పుడు ఏ అరలో ఏమైంది, అన్నీ గీతల కాగితం మీద గుండ్రటి అక్షరాల్లో. కార్ఖానాల్లో ఇంజనీర్లు రాసిన రిజిస్టర్లు చాలా చూశాను, ఇంత నమ్మదగింది అరుదు. నాన్నగారు బట్టీ కట్టారు. యాంగిల్ ఇనుముతో చట్రం వెల్డింగ్ చేసి, లోపల వేడి నిలిపే ఇటుకలు పేర్చి, గ్యాస్ బర్నర్లు అమర్చి. అన్నిటికన్నా ఆయన చేసిన పెద్ద ఉపకారం, కాల్పు ముగిశాక ఎవరినీ తలుపు తియ్యనివ్వకపోవడం. చల్లారేటప్పుడు 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ముడుచుకుంటుంది. తొందరపడి గాలి తగిలిస్తే పాత్ర చిట్లుతుంది. తాళంచెవి జేబులో వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయేవారు.

ప్రదర్శనకు ఏం పెట్టాలన్న దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. మంట దయతలచి అందంగా వచ్చినవి కొన్ని ఉన్నాయి. అలాంటిదాన్ని మళ్లీ చేయగలవా అని గురువుగారు ఒక్కొక్కటీ పట్టుకుని అడిగారు. చేయలేనన్నవి ఆమె తనే తీసి పక్కన పెట్టింది. అందరూ మెచ్చిన ఒక నీలిఛాయ కూజా కూడా అలాగే పోయింది, నాకు బాధేసింది, అయినా ఆ నిర్ణయం సరైనదే. ఆమె పట్టుబట్టి ఒక గోడంతా పూతల పరీక్షపలకలు వేలాడదీసింది. దయచేసి ఆ గోడ దగ్గర కాసేపు నిలబడండి. పొంగినవి, పాలిపోయినవి, జారి అడుగుకు అంటుకున్నవి, అన్నీ వరసలో ఉన్నాయి.

ధరల దగ్గర ఇంట్లో రెండు రోజులు వాదన. తాతగారికి ఆ అంకెలు విని సిగ్గేసింది, ఊరివాళ్లు నవ్వుతారేమోనని భయం. అమ్మగారు పుస్తకం తెరిచి గ్యాసు, ఇటుకలు, పగిలినవి, పారేసినవి, గంటలు కలిపి చూపించింది. జీవితమంతా తన పనికి వచ్చిన రేటును ఆ పక్కనే పెట్టి చూసుకుని ఆ పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదట. చేతిపనికి న్యాయమైన ధర అడగడం ఈ అమ్మాయి తాత తరఫున కూడా చేసిన పనే. మీరు బేరమాడకండి.

రాజమహేంద్రవరానికి కళాకారుణ్ని ఆదుకోవడం కొత్త కాదు. చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) చేతిలో ఉన్నదేమిటో గుర్తించి, బొంబాయి జె.జె. స్కూలు దాకా దారి చూపింది ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. అలాంటి గుర్తింపు ఒక కుమ్మరి సావిట్లో, ఒక ఆర్టీసీ మెకానిక్ పెరట్లో కూడా జరుగుతుందని ఈ ప్రదర్శన చూపిస్తోంది. అందుకే నాకింత సంతోషం.

పెద్దవాణ్ని కనుక లోపమూ చెప్పాలి. పిడులు ఇంకా పాత్రలోంచి పుట్టినట్టు లేవు, తర్వాత తెచ్చి అతికించినట్టున్నాయి. మూతలు మాత్రం చక్కగా కూర్చున్నాయి. పచ్చి మట్టి కాలేసరికి పదింట ఒక వంతు పైగా కుంచించుకుపోతుంది, ఆ లెక్క ఆమెకు చేతికొచ్చింది. ఇంకొకటి, తాతగారు చెక్కతో తట్టి తట్టి పెంచే పెద్ద బాన ఆమె ఇంతవరకు చేయలేదు. చిన్న పాత్రలో దాగే తప్పు బానలో దాగదు కనుక అది చేసి తీరాలన్నాను. ఇప్పుడున్న బట్టీలో అది పట్టదంది. నాన్నగారు అప్పుడే ఇటుకల ధర కనుక్కుంటున్నారు.