ఖాళీ రోడ్డు అని ఎవరన్నారు?

మా సైక్లింగ్ గ్రూపులో కొత్తగా ఎవరు చేరినా రెండు సలహాలు దొరుకుతాయి. చెయిన్‌కి నూనె మరీ ఎక్కువ వెయ్యొద్దు, 'ది రైడర్' తప్పకుండా చదువు. మొదటిది నేనింతవరకూ సరిగ్గా పాటించలేదు. రెండోది పాటించాను, రెండుసార్లు. ఆ రెండుసార్లకీ మధ్య జరిగిన సంగతి వల్లే ఈ వ్యాసం.

టిమ్ క్రాబె డచ్ రచయిత, గట్టి చెస్ ఆటగాడు కూడా. ఈ నవల డచ్‌లో 1978లో వచ్చింది, శామ్ గారెట్ ఇంగ్లీషు అనువాదం 2002లో. కథంటూ పెద్దగా ఏమీ లేదు. 1977 జూన్ 26న దక్షిణ ఫ్రాన్స్‌లో, సెవెన్ కొండల అంచున ఉన్న మేరుయేస్ అనే చిన్న ఊళ్లో ఒక అమెచ్యూర్ రేసు మొదలవుతుంది. 137 కిలోమీటర్లు. అధ్యాయాలకి పేర్లుండవు, ఎన్నో కిలోమీటరు అన్నది మాత్రమే ఉంటుంది. క్రాబె అన్న పేరే ఉన్న కథకుడు తొక్కుతాడు, ఆలోచిస్తాడు, ఏడుపుమొహం పెడతాడు, పక్కవాడి మొహం చూసి వాడి దగ్గర ఇంకెంత మిగిలిందో అంచనా వేస్తాడు, చివరికి రెండోవాడిగా వస్తాడు. (ఇది చెప్పేశానని తిట్టుకోకండి. ఈ నవలకి సస్పెన్స్ ప్రాణం కాదు.)

శరీరం అలిసిపోతున్నప్పుడు బుర్ర ఎన్ని మాయలు చేస్తుందో ఇంత బాగా రాసినవాళ్లు నాకింకా తగల్లేదు. ఆంకెతీల్ గురించి ఒక పిట్టకథ ఉంటుంది ఇందులో. ఎత్తు మొదలయ్యే ముందు ఆయన నీళ్ల సీసాని సైకిల్ నుంచి తీసి వెనక జేబులో పెట్టుకునేవాడట, సైకిల్ తేలికవుతుందని! ఫిజిక్స్ ప్రకారం శుద్ధ అబద్ధం. అయినా ఆ పేరా చదివాక నేనూ మా ఊరి ఘాట్ కింద ఆగి అలాగే చేశాను.

నా పేచీ నవలతో కాదు, దాన్ని మా వాళ్లు చదివే పద్ధతితో. "బ్రో, ఫ్రాన్స్ పల్లెల్లో ఆ రోడ్లు చూడు, ఒక్క బండి ఉండదు, స్వర్గం" అంటూ దీన్ని టూరిజం బ్రోషర్‌లాగా చేతిలో పెడతారు. నిజానికి ఈ పుస్తకంలో ప్రశాంతత కోసం వెతికితే దొరకదు. కథకుడి చూపు ముందున్న చక్రం మీద, తన గేరు పళ్ల మీద, రైలాన్ అనే కుర్రాడి మీద ఉంటుంది. ఊళ్లు వస్తాయి, పోతాయి. ఊరు అతనికి ఒక మలుపు, లేదా నేల సమంగా ఉన్న రెండు వందల మీటర్లు. ఇందులో మోసమేమీ లేదు. గుండె నిమిషానికి నూట ఎనభై కొడుతున్నవాడికి ప్రపంచం అంతే కనబడుతుంది, క్రాబె అంతే రాశాడు.

నెమ్మదిగా తొక్కే రోడ్ల పుస్తకమే కావాలంటే పాల్ ఫూర్నెల్ దగ్గరికి వెళ్లాలి. ఈయన ఊలిపో బృందంలో సభ్యుడు, 1947లో సెంతెతియేన్‌లో పుట్టాడు. 2001లో ఫ్రెంచిలో వచ్చిన చిన్న పుస్తకం 'నీడ్ ఫర్ ది బైక్' పేరుతో ఇంగ్లీషులో దొరుకుతుంది. పడిపోవడం మీద, గాలి మీద, మ్యాపుల మీద పేజీ రెండు పేజీల ముక్కలు. క్రాబె చూడని దారంతా ఈయన చూస్తాడు, వాసన కూడా పడతాడు. రాత్రి పడుకునేముందు ఒక్కో ముక్కా చదువుకుంటే తెల్లారి తొక్కాలనిపిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు ఇంకేమీ అనిపించలేదు.

తర్వాత ఆఫీసు పని మీద అయిదు నెలలు తులూజ్‌లో ఉన్నాను. జూన్‌లో ఒక లాంగ్ వీకెండ్ దొరికితే సైకిల్ అద్దెకి తీసుకుని క్రాబె రేసు దారి పట్టాను. కాగితం మ్యాపు కొనుక్కోమని సలహా ఇచ్చింది నా పక్క సీటు ఆవిడ. మిషలాన్ మ్యాపులో పెద్ద రోడ్లు ఎర్రగా, తర్వాతవి పసుపుగా, అన్నిటికంటే చిన్నవి తెల్లగా ఉంటాయి. అందమైన దారయితే పక్కన ఆకుపచ్చ గీత. ఎత్తు ఎక్కువగా ఉన్నచోట చిన్న బాణం గుర్తు, ఒకటా రెండా మూడా అన్నదాన్ని బట్టి మన చావు. సూత్రం సింపుల్: తెల్ల రోడ్డు వెతుక్కో, పక్కన ఆకుపచ్చ ఉందా చూసుకో. మూడు రోజుల్లో ఆ సూత్రం ఒక్కసారి కూడా తప్పలేదు.

మేరుయేస్ నుంచి జోంత్ నది పక్కనే లె రోజియే దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దిగుడు. తలెత్తితే సున్నపురాతి గోడలు, వాటి మీద రాబందులు. ఈ ప్రాంతంలో అంతరించిపోతే 1981 నుంచి మళ్లీ తెచ్చి వదిలారు. నవల జరిగిన 1977లో ఈ ఆకాశంలో అవి లేవన్నమాట. తర్వాత తార్న్ లోయలోంచి కోస్ మెజాన్ పీఠభూమి మీదకి ఎక్కాలి. పైకెళ్లాక వెయ్యి మీటర్ల ఎత్తున గడ్డి, రాళ్లు, గాలి. గంటన్నరలో నాకు ఎదురైనవి పోస్టాఫీసు పసుపు వ్యాన్ ఒకటి, పాల ట్యాంకర్ ఒకటి. గ్రూపులో ఫొటో పెట్టాను. "స్వర్గం" అన్నారు. అవునన్నాను.

అక్కడ నీళ్లయిపోయాయి. సున్నపురాయి నేల, వానంతా లోపలికి ఇంకిపోతుంది, పైన వాగూ వంకా ఉండదు. ఫ్రాన్స్‌లో దూరం తొక్కేవాళ్లందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది: నీళ్లు లేకపోతే శ్మశానానికి వెళ్లు, పూలకుండీల కోసం అక్కడ కుళాయి ఉంటుంది. అలాగే ఒక ఊరి శ్మశానంలో సీసా నింపుకుని వస్తూ గేటు బయటున్న రాతి స్తంభం ముందు ఆగాను. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఆ ఊరివాళ్ల పేర్లు. ఒకే ఇంటిపేరు మూడుసార్లు. చుట్టూ చూశాను. ఆ స్తంభం మీదున్నన్ని పేర్లకి సరిపడా తలుపులు ఆ ఊళ్లో తెరిచి లేవు.

ఆ యుద్ధంలో ఫ్రాన్స్ పోగొట్టుకున్న సైనికులు దాదాపు 14 లక్షలు. ఇలాంటి స్తంభం లేని ఊరు ఆ దేశంలో చాలా అరుదు. కానీ యుద్ధం ఒక్కటే కాదు. ఈ లొజేర్ జిల్లాలో 1850 ప్రాంతంలో లక్షా నలభై వేల మందికి పైగా ఉండేవాళ్లు, ఇప్పుడు ఎనభై వేలు కూడా లేరు. మిగతావాళ్లు గనుల్లోకి, ఫ్యాక్టరీల్లోకి, పారిస్‌కి పోయారు. జనం కోసం రోడ్లు వేశారు, జనం పోయారు, రోడ్లు ఉండిపోయాయి. జిల్లా పాలకమండళ్లు వాటికి ఇంకా చక్కగా తారు పోస్తూనే ఉన్నాయి. మనం "క్వైట్ రోడ్" అని మురిసిపోయేది ఈ లెక్కలో మిగిలిన శేషాన్ని.

సోమవారం ఆఫీసులో నా ఫొటోలు చూసి పక్క సీటు ఆవిడ నవ్వింది. వాళ్ల అమ్మమ్మది ఆ వైపేనట. "ఖాళీగా ఉంది కదా అని మిలిటరీవాళ్లూ అన్నారు" అంది. లార్జాక్ సంగతి నాకు తెలిసింది అలా.

రేసు దాటే కోస్ నువార్‌కి దక్షిణాన దుర్బీ లోయ దాటితే వచ్చే పీఠభూమి లార్జాక్. అక్కడి సైనిక శిబిరాన్ని 3,000 హెక్టార్ల నుంచి 17,000 హెక్టార్లకి పెంచుతామని 1971లో ప్రభుత్వం ప్రకటించింది. వాదన తెలిసిందే: రాళ్లు తప్ప ఏముందక్కడ, ఉన్నది పదిమంది. ఆ పదిమందిలో 103 మంది రైతులు 1972లో భూమి అమ్మేది లేదని సంతకాలు చేశారు. గొర్రెల్ని తీసుకెళ్లి పారిస్‌లో ఈఫిల్ టవర్ కింద మేపారు. పదేళ్లు నిలబడ్డారు. 1981లో మిత్తెరాఁ అధ్యక్షుడయ్యాక ఆ ప్రతిపాదన రద్దయింది. నేను ఖాళీ అనుకున్న నేల మీద గొర్రెలు మేస్తాయి, వాటి పాలు రోక్‌ఫోర్ చీజ్ అవుతాయి. నాకు ఎదురైన ట్యాంకర్ దేనికనుకున్నాను?

అంటే క్రాబె కథకుడు మేరుయేస్ నుంచి బయల్దేరిన రోజున, ఆ పక్క పీఠభూమి మీద 'ఇది ఖాళీ కాదు' అన్న పోరాటం ఆరో ఏట నడుస్తోంది. నవలకి అది విషయం కాదు, కానక్కర్లేదు కూడా. రేసు గురించిన పుస్తకాన్ని రేసు గురించి ఎందుకు రాశావని అడగడం విమర్శ కాదు. రెండోసారి చదివితే నాకు అది ఇంకా నిజాయితీగా కనబడింది. నేను చూడటం లేదు అని ప్రతి కిలోమీటరులోనూ ఒప్పుకుంటుందది.

చిక్కొచ్చింది ఫూర్నెల్‌తో. ఆయన చూస్తానంటాడు, అంత ప్రేమతో చూస్తాడు కూడా. కానీ ఆ దారుల నిశ్శబ్దం ఆయన పేజీల్లో వాతావరణంలా ఉంటుంది, ఎండలాగా, గాలిలాగా. దానికి ఒక కారణం ఉండొచ్చన్న అనుమానం ఆ వాక్యాల్లో నాకు దొరకలేదు. సెంతెతియేన్ బొగ్గు గనుల ఊరు, తుపాకుల ఊరు, సైకిళ్లు తయారు చేసిన ఊరు. చుట్టుపక్కల కొండపల్లెల నుంచి దిగి వచ్చినవాళ్లే ఆ ఊరిని నింపారు. ఆదివారం పొద్దున సైకిలేసుకుని పైకి ఎక్కేవాళ్లలో కొందరు తమ తాతలు దిగొచ్చిన రోడ్డే ఎక్కుతున్నారు. ఎంత గొప్ప పుస్తకం ఉందక్కడ! ఫూర్నెల్ దాని పక్కనుంచి చాలా అందంగా, మంచి గేరులో వెళ్లిపోయాడు. (వికారాబాద్ వైపు ఆదివారం పొద్దున్నే వెళ్లి "ట్రాఫిక్ లేదు" అని స్ట్రావాలో రాసుకునే నాకు ఈ మాట అనే హక్కు ఎంతుందో నాకు తెలుసు.)

మూడో రోజు పెర్జురే కనుమ ఎక్కాను. 1960 టూర్ ద ఫ్రాన్స్‌లో రోజె రివియేర్ ఈ కనుమ దిగుతూ రోడ్డు తప్పి కింద పడ్డాడు, వెన్నెముక విరిగింది. వయసు 24. మళ్లీ రేసు తొక్కలేదు. ఆయనదీ సెంతెతియేనే. రోడ్డు పక్కన ఆయన పేరు మీద ఒక రాయి ఉంది. నేను వెళ్లేసరికి అక్కడ నలుగురు సైక్లిస్టులు, సైకిళ్లు రాతికి ఆనించి వంతులవారీగా ఫొటోలు తీసుకుంటున్నారు. నన్నూ తీశారు. అది ఇప్పటికీ నా ప్రొఫైల్ పిక్చర్. మూడుసార్లు ఒకే ఇంటిపేరున్న రాతికి మాత్రం నేను ఫొటో తియ్యలేదు. ఆ ఇంటిపేరేమిటో కూడా ఇప్పుడు గుర్తు రావడం లేదు.