గరుసు దారిలో సైకిలు పందెం

కొండదారుల సైకిలు పందెం అనగానే ఖరీదైన ఫ్రేము, డిస్కు బ్రేకులు, వెనక హిమాలయాలు ఉన్న బొమ్మ కళ్లముందుకు వస్తుంది. 2005లో సిమ్లా కేంద్రంగా మొదలైన ఎంటీబీ హిమాలయ పోటీయే మన దేశంలో ఈ ఆటకు పేరు తెచ్చింది గనుక ఆ ఊహ సహజమే. అయినా మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టూ ఉన్న గరుసు నేల ఈ ఆట నేర్చుకోవడానికి ఏ మంచుకొండకూ తీసిపోదని నా వాదన. ఇక్కడి గుట్టలు చిన్నవి, దారుల్లో రాళ్లు నిలకడలేనివి, జనం చేతిలో డబ్బు తక్కువ, వేసవి ఎండ ఎక్కువ. ఈ నాలుగింటిలో ఎండ ఒక్కటే నిజమైన అడ్డంకి. మిగిలిన మూడూ ఈ ఆట పుట్టిన చోట కూడా ఉన్నవే.

1976 అక్టోబరు 21న అమెరికాలోని కాలిఫోర్నియాలో, మెరిన్ కౌంటీ కొండల్లో కొందరు కుర్రాళ్లు ఒక మట్టిదారి మీద పందెం పెట్టుకున్నారు. మూడున్నర కిలోమీటర్ల లోపే దాదాపు 400 మీటర్లు కిందికి దిగే దారి అది. వాళ్లు తొక్కినవి లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్లు, చాలామంది పారేసినవి. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఆ దిగుడులో ఎంత వేడెక్కేదంటే, హబ్బులోని గ్రీజు కాలి పొగై పోయేది. పరుగు అయ్యాక హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాలి. ఆ పనిని బట్టే పందేనికి రీప్యాక్ అన్న పేరు వచ్చింది. చార్లీ కెల్లీ నడిపిన ఆ పందేల్లో గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ పాల్గొన్నారు. కొండదారి కోసమే బ్రీజ్ ఒక కొత్త ఫ్రేము కట్టింది ఆ మరుసటి ఏడాది, 1977లో. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1990లో వచ్చింది, ఒలింపిక్స్‌లో చోటు 1996లో దొరికింది. దారి, దాని మీద నేర్పు ముందు పుట్టాయి, మంచి సైకిలు ఆ తరువాత పుట్టింది. మన దగ్గర ఈ వరస తలకిందులై, సైకిలు కొనగలిగినవాడిదే ఆట అన్న నమ్మకం పాతుకుపోయింది.

ఇక నేర్పు సంగతి. గరుసు అంటే బండ శిథిలమై రాలిన గరుకు ఇసుక, సన్న రాయి. గట్టి నేల మీద ఆరబోసిన రాగుల్లా టైరు కింద దొర్లుతుంది. తారు రోడ్డు మీద గొప్ప బలశాలి ఇక్కడ నాలుగు గజాల ఎక్కుడులో ఆగిపోవచ్చు. లేచి నిలబడి తొక్కగానే బరువు ముందుకు పోతుంది, వెనక చక్రం పట్టు వదిలి ఉన్నచోటే తిరుగుతుంది. సీటు ముందు కొనకు జరిగి, మోచేతులు దించి, రొమ్ము హ్యాండిల్ వైపు వంచి, తేలిక గేరులో ఒకే లయగా తొక్కేవాడు అదే ఎక్కుడు దాటుతాడు. దిగుడులో పద్ధతి వేరు. రెండు పెడళ్లూ సమంగా ఉంచి, సీటు మీంచి లేచి, బరువంతా పాదాల మీద మోపాలి. మోకాళ్లు, మోచేతులు వంగి ఉంటే రాళ్ల కుదుపును ఒళ్లే మింగుతుంది. ముందు బ్రేకు పట్టుకుంటే బోర్లాపడతామని మన ఊళ్లలో పిల్లలకు చిన్నప్పుడే చెబుతారు. ఆ భయంలో సగమే నిజం. బ్రేకు పడ్డప్పుడు బరువు ముందుకు వాలుతుంది గనుక సైకిలును నిలిపే శక్తి ఎక్కువగా ముందు చక్రానిదే. గట్టిగా గుంజితే ప్రమాదం, ఒక్క వేలితో మెల్లగా నొక్కితే రక్షణ. వెనక బ్రేకునే నమ్ముకున్నవాడి టైరు గరుసులో జారి, దారిని గీసి పాడుచేస్తుంది కూడా. వేగం మలుపుకు ముందే తగ్గించుకోవాలి, మలుపులో చక్రాన్ని దాని మానాన తిరగనివ్వాలి. అన్నిటికంటే కష్టమైనది చూపు. రాయిని చూస్తూ పోతే రాయి మీదికే పోతాం. పోవాల్సిన సందును చూసినవాడి వెంటే సైకిలు పోతుంది.

టైరులో గాలి కూడా నేర్పులో భాగమే. తారు రోడ్డుకు పనికొచ్చే గట్టి టైరు ఇక్కడ బంతిలా ఎగురుతుంది. కొంచెం గాలి తీస్తే నేలను కరుచుకుంటుంది. మరీ తీస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటు వేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఆపైన పల్లేరు కాయ ఉంది. చేలగట్ల మీద అరికాళ్లను వదలని ఈ ముల్లే అమెరికా పశ్చిమ రాష్ట్రాల సైకిలిస్టులనూ ఏడిపిస్తుంది, మొక్క అదే. అందుకే అతుకు వేయడం రానివాడు కొండదారికి సిద్ధమైనట్టు కాదు. పందెం మధ్యలో సైకిలు చెడితే పోటీదారే బాగుచేసుకోవాలన్నది ఈ ఆటలో చాలా ఏళ్లపాటు గట్టి నియమంగా నడిచింది. పెద్ద పోటీల్లో తరువాత నిర్ణీత స్థలాల్లో సాయం తీసుకోనిచ్చారు. అమెచ్యూర్ జట్లు మాత్రం పాత నియమాన్నే పట్టుకోవాలని నా అభిప్రాయం. పంక్చర్ షాపులో పనిచేసే కుర్రాడు, ధనవంతుల బిడ్డ ఒకే గీత మీద నిలబడే చోటు అదొక్కటే.

ఇంత చెప్పినా ఎండ మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. ఈ మూడు ఊళ్లూ సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండటంతో తిరుపతి, కడపలంత కాగవు, తెల్లవారుజామున గాలి చల్లగానే ఉంటుంది. అయినా మే నెలలో ఎనిమిది గంటల తరువాత పోటీ నడపడం తప్పు. వెలుగు రాగానే మొదలై ఏడున్నరకల్లా ముగిసే పందెం, తాగడానికి నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, ముందురోజు రాత్రి కడుపునిండా సంగటి ఉంటే చాలు. ఇక ప్రమాదం మాట. ఇరుకు దారిలో నలభై మందిని ఒక్కసారిగా వదిలితే పడిపోవడం ఖాయం. రీప్యాక్ నిర్వాహకులు ఒక్కొక్కరిని రెండేసి నిమిషాల తేడాతో వదిలి, గడియారంతో విజేతను తేల్చారు. మన పిల్లలకూ అదే తగిన పద్ధతి. హెల్మెట్ లేనివారిని గీత దగ్గరికే రానివ్వకూడదు.

అడవి గురించిన అభ్యంతరం ఇంకా బరువైనది. 1994లో అమెరికాలోని మోంటానా కొండదారుల మీద జరిపిన ఒక అధ్యయనంలో సైకిలు చక్రాలకంటే గుర్రాలు, నడిచేవాళ్లే ఎక్కువ మట్టిని వదులు చేశారని తేలింది. సైకిలు నేలను తినేస్తుందన్న మాటకు అది జవాబే. ఏనుగుకు మాత్రం ఆ జవాబు సరిపోదు. కుప్పం, పలమనేరు వైపు ఉన్న కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులు తిరుగుతాయి, చేలలోకి వస్తాయి. ఎండ తప్పించుకోవడానికి మనం ఎంచుకునే తెల్లవారుజామునే అవి తిరుగుముఖం పట్టే వేళ. కాబట్టి కుప్పం దిక్కున పందెం అభయారణ్యానికి దూరంగా, చెరువు కట్టల మీద, ఊరి పొరంబోకు గుట్టల్లో, గ్రానైట్ క్వారీ గుంతలకు ఎడంగా జరగాలి. పూర్తిగా తెల్లారాకే, అటవీ సిబ్బందిని అడిగాకే మొదలుపెట్టాలి. పందెం ఒక గంట చిన్నదైనా నష్టం లేదు.

మదనపల్లె వాళ్లకు హార్స్‌లీ కొండ ఉంది. ఊరి నుంచి పైకి చేరేసరికి 500 మీటర్లకు పైగా ఎక్కుడు. అది తారు రోడ్డు, పర్యాటకుల బళ్లు తిరిగే ఘాట్ దారి కాబట్టి రాళ్లదారి నేర్పు అక్కడ రాదు, ఊపిరి బలం వస్తుంది. నేర్పు కావాలంటే పుంగనూరు, చౌడేపల్లె మధ్య గుట్టల కాలిబాటలు చూడాలి. నాలుగైదు కిలోమీటర్ల చుట్టు ఒకటి గుర్తుపెట్టి, దాన్నే మళ్లీమళ్లీ తొక్కితే ఒలింపిక్ క్రాస్ కంట్రీ పోటీ నమూనా అదే. మే నెలలో కుప్పంలో గంగమ్మ జాతర రోజులు తప్పించి, వేసవి సెలవుల్లో మూడు ఊళ్లలో మూడు పందేలు పెడితే అదే ఒక సీజను.

చదువు, క్రికెట్ ఉండగా ఇదెందుకని అనేవారికి ఒక మాట. బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చిన రాష్ట్రం మనది. ఆ సైకిలు వాళ్లను బడిదాకా తీసుకెళ్లింది. దాన్ని గుట్ట మీదికి ఎలా ఎక్కించాలో, చైను తెగితే ఎలా కలపాలో, దిగుడులో భయాన్ని ఎలా పట్టుకోవాలో వాళ్లకు నేర్పినవారు తక్కువ. ఆడపిల్లల విభాగం లేని పందేన్ని ఈ ప్రాంతంలో పందెమనే అనకూడదు.

వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక విన్నపం: వానలు వెనకబట్టగానే, కాయలు ఎండి రాలకముందే, పిల్లలతో కలిసి పందెం దారిలోని పల్లేరు తీగలు పెరికించండి.