ఆఖరి పరీక్ష పెట్టేది మఫ్టీలో మనిషి

పరుగు పందెం, రాత పరీక్ష గట్టెక్కిన పోలీసు అభ్యర్థి గురించి చివరగా ఊళ్లో ఆరా తీసేది స్పెషల్ బ్రాంచ్ కానిస్టేబుల్. విజయవాడలో కమిషనరేట్ మనిషి, అవనిగడ్డ, గుడివాడ వైపు జిల్లా ఎస్పీ మనుషులు. చేతిలో అభ్యర్థి నింపిన అటెస్టేషన్ ఫారం.

కేసుందో లేదో స్టేషన్ రికార్డులు, పోలీసుల నేర రికార్డుల నెట్‌వర్క్ అయిన సీసీటీఎన్ఎస్ కంప్యూటర్ చెబుతాయి. చిరునామా నిజమేనా, అదే పేరున్న ఇంకొకడి కేసు ఇతని మెడకు చుట్టుకుందా అన్నది వీధిలోనే తేలాలి. తాత పేరు పెట్టుకున్న మనవళ్లు ఊరికి నలుగురుండే డెల్టాలో ఇదేమంత తేలిక కాదు. "వెంకటేశ్వరరావు గారి ఇల్లెక్కడండీ?" అంటే "ఏ వెంకటేశ్వరరావండీ?" అన్న ఎదురు ప్రశ్నే వస్తుంది! పైగా పొరుగాయన మాటల్లో గట్టు తగాదా ఎంతో, నిజం ఎంతో వడగట్టాలి. ఆ నేర్పు ఏ కంప్యూటర్‌కూ రాదు.

కానిస్టేబుల్ పని నివేదిక వరకే. నిర్ణయం నియామక అధికారిది. నిర్దోషిగా బయటపడ్డ కేసునైనా దాచకూడదని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుర్రతనంలో నినాదాలు చేయడంలాంటి చిన్న తప్పును అధికారి మన్నించవచ్చనీ అంది.

కాబట్టి అభ్యర్థులూ, పాత కేసేదైనా ఉంటే ఫారంలో మీరే రాసేయండి.