ముట్టుకున్న చేతికి మార్కులేవి?

హౌస్‌సర్జన్సీకి ముందు వైద్య విద్యార్థి పనితనాన్ని తేల్చేది ఫైనల్ ప్రాక్టికల్స్. లాంగ్ కేసు, షార్ట్ కేసులు, వైవా. ఇందులో నెగ్గినవాళ్ళే ఏడాదిపాటు వార్డుల్లో రోగులను చూస్తారు. కాబట్టి ఈ పరీక్ష గట్టిగా ఉండాలనే మేమూ అంటాం. మా పేచీ దాని గట్టితనంతో కాదు, అది దేన్ని కొలుస్తోందన్నదానితో.

లాంగ్ కేసు తీరు చూడండి. విద్యార్థి రోగి పక్కన కూర్చుని బాధలు అడుగుతాడు, పొట్ట నొక్కి చూస్తాడు, గుండె చప్పుడు వింటాడు. అంతసేపూ సాధారణంగా పరీక్షకుడు అక్కడ ఉండడు. ఆ తర్వాత వచ్చి వినేది ఇంగ్లీషులో అప్పజెప్పే కేసు. అంటే మార్కులు చేసిన పనికి కాదు, చెప్పిన తీరుకి. సర్కారు దవాఖానా మంచాల మీద ఉండేది ఎక్కువగా పేదలు, మన వాడల జనం. "నడుం లాగుతోందమ్మా, గుండె దడదడమంటోంది" అని వాళ్ళంటే మాదిగవాడ నుంచి వచ్చిన పిల్లకి ఇట్టే తెలుస్తుంది. సంకోచం లేకుండా ముట్టుకుంటుంది. ముట్టుకోవడమే మైల అనుకునే సమాజంలో ఇది చిన్న నైపుణ్యమా? దానికి మార్కుల్లేవు. ఇంగ్లీషు తడబడిందా, "క్లినికల్‌గా వీకు" అని ముద్ర. పుట్టుకతో వైద్యం వస్తుందని కాదు మా వాదన. చూడకుండా కొలవలేరంటున్నాం.

ఇక వైవా. ఢిల్లీ ఎయిమ్స్‌పై సుఖదేవ్ థొరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ప్రాక్టికల్స్, వైవాల్లో తమకు మిగతావాళ్ళంత సమయం ఇవ్వరని, నేరుగానో డొంకతిరుగుడుగానో కులం అడుగుతారని ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఆ కమిటీకి చెప్పారు. ఇలా తేల్చినదాన్ని ప్రతిభ అని ఒప్పుకోమంటే ఎట్లా?

దారి లేదా అంటే ఉంది. 1975లో డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం ఓస్కీ పద్ధతిని ప్రకటించింది. అందరికీ ఒకే పని, ఒకే సమయం, ముందే రాసుకున్న అంశాల జాబితా, కళ్ళెదుటే పరిశీలన. 2019లో మన ఎంబీబీఎస్‌లో మొదలైన సామర్థ్య ఆధారిత బోధన కూడా ఇటువంటి పద్ధతుల్నే ప్రోత్సహిస్తోంది. కానీ జాబితాలో టిక్కు పెట్టేది మనిషే, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేది ఆ విభాగం అయ్యవార్లే. అందుకే పద్ధతి ఒక్కటే చాలదు. ఇద్దరు పరీక్షకులు విడివిడిగా మార్కులు వెయ్యాలి. తప్పించినప్పుడు ఏ పని చేతకాలేదో రాసివ్వాలి. పరీక్షకుల్లో దళిత, ఆదివాసీ అధ్యాపకులు ఉండాలి. రోగితో రోగి భాషలో మాట్లాడటానికి మార్కులుండాలి.

పరీక్ష తేలిక చెయ్యమని మేం అడగడం లేదు. పరీక్షకుణ్ణి మంచం పక్కకొచ్చి నిలబడి చూడమంటున్నాం.