స్మాలెట్ నీస్ యాత్ర: బండిలో ఉన్నవారు

యాత్రాగ్రంథాలను విమర్శించేటప్పుడు మనం సాధారణంగా రచయిత ఏయే దేశాలు చూశాడు, ఎంత నిజం చెప్పాడు, ఎంత చక్కగా వర్ణించాడు అని విచారిస్తాము. అతని పక్కన బండిలో ఎవరు కూర్చున్నారని మాత్రం అడగము. ఒంటరి బాటసారి రాసిన పుస్తకానికి ఈ ప్రశ్న అక్కరలేదు. కాని భార్యతోనో, బిడ్డలతోనో, రోగితోనో దారిపట్టిన వాడు ‘నేను చూశాను, నేను బస చేశాను, నేను మోసపోయాను’ అని ఏకవచనంలో రాసుకుంటూ పోయినప్పుడు, ఆ ఏకవచనం ఎవరిని మరుగుపరుస్తున్నదో విచారించడం విమర్శకుని పనులలో ఒకటి. ఈ ఆలోచన నాకు కలిగినది టోబయస్ స్మాలెట్ 1766లో ప్రకటించిన ‘ఫ్రాన్సు, ఇటలీ దేశాల యాత్రలు’ అనే లేఖాగ్రంథం చదివినప్పుడు.

ఈ పుస్తకానికి ఇంగ్లీషు సాహిత్యంలో చిరకాలంగా ఉన్న పేరు మంచిది కాదు. రచయిత కోపిష్ఠి అనీ, సత్రం యజమానులతో జగడమాడడం తప్ప మరేమీ ఎరగడనీ, అందం కంటబడినా ముఖం చిట్లించుకుంటాడనీ లోకం చెప్పుకున్నది. ఆ పేరు పూర్తిగా అన్యాయమని నేను అనను. నలభైయొక్క లేఖలలో దిగిన చోటల్లా లెక్క దగ్గర తగాదా, భోజనం దగ్గర తగాదా, బండి గుర్రాల దగ్గర తగాదా. చదివేవానికే ఒక దశలో విసుగు పుడుతుంది. అయితే ఈ కోపం ఎక్కడ పుట్టినదో రచయితే మొదటి లేఖలో చెప్పాడు. అది చెప్పిన తరువాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పుస్తకంలోని రహస్యమంతా ఈ మౌనంలో ఉన్నది.

1763 ఏప్రిల్‌లో స్మాలెట్ దంపతుల ఏకైక సంతానం ఎలిజబెత్ పదిహేనేళ్ల వయసులో మరణించింది. అప్పటికే స్మాలెట్ రాజకీయ పత్రిక నడిపి శత్రువులను కూడగట్టుకున్నాడు. ఊపిరితిత్తుల జబ్బుతో కృశించి ఉన్నాడు. కంటికి కనబడే ప్రతి వస్తువూ దుఃఖాన్ని పెంచుతున్న ఆ దేశం నుంచి తనను ఎక్కడికైనా తీసుకొనిపొమ్మని భార్య ప్రాధేయపడినదని ఆయన రాశాడు. కొత్త దృశ్యాలు ఆమె మనసును మళ్లిస్తాయనీ, గాలిమార్పు తన దేహానికి మేలు చేస్తుందనీ ఆశపడ్డాడు. జూన్ నెలలో భార్య ఆన్, తమ సంరక్షణలో ఉన్న ఇద్దరు యువతులు, ఒక నౌకరు వెంటరాగా సముద్రం దాటి ఫ్రాన్సు చేరాడు. ఇది ఆ ప్రయాణానికి మూలం. ఇంతకంటే మానవీయమైన ప్రారంభం యాత్రాసాహిత్యంలో అరుదు. కాని చనిపోయిన పిల్ల పేరు అక్కడ లేదు. అది ఒక ‘గృహవిపత్తు’ మాత్రమే.

ఆ శీతకాలపు ప్రయాణం నవంబరులో మోంపెలియే నగరం నుంచి మొదలవుతుంది. అక్కడ జరిగిన ఒక సంఘటన గ్రంథకర్త స్వభావాన్ని బాగా బయటపెడుతుంది. ఆ ఊరిలో ఫీజ్ అనే పేరుమోసిన వైద్యాచార్యుడు ఉండేవాడు. స్వయంగా శస్త్రవైద్యుడైన స్మాలెట్ తన వ్యాధిలక్షణాలను లాటినులో వివరంగా రాసి పంపాడు. ఆచార్యుడు ఫ్రెంచిలో జవాబిచ్చాడు. అతనికి లాటిను అర్థం కాలేదనీ, రోగాన్ని సరిగా తెలుసుకోలేదనీ స్మాలెట్‌కు అనుమానం. రెండు పత్రాలనూ పూర్తిగా పుస్తకంలో అచ్చువేసి పేరుపేరునా ఖండించాడు. హాస్యం ఉన్నది, పాండిత్యమూ ఉన్నది. కాని ఒక సంగతి గమనించవలసి ఉన్నది. తన దగ్గు, తన జ్వరం, తన కఫం గురించి పేజీలకు పేజీలు ఇచ్చిన రచయిత, ఎవరి దుఃఖం తీర్చడానికి ఇల్లు విడిచాడో ఆమె ఎలా ఉన్నదో చెప్పడానికి ఒక పేరా కేటాయించలేదు. ఆమె నిద్రపోతున్నదా? తింటున్నదా? మాట్లాడుతున్నదా? మనకు తెలియదు.

మోంపెలియే నుంచి తూర్పుగా సాగిన దారి ఫ్రేజ్యూస్ దగ్గర సముద్రతీరాన్ని అందుకుంటుంది. అక్కడి నుంచి ఎస్తరెల్ కొండ ఎక్కాలి. ఒకప్పుడు దొంగల దండుకు నెలవైన ఆ కొండ అప్పటికి నిర్భయంగా ఉన్నది. దారి మంచిదే కాని కొన్నిచోట్ల నిట్టనిలువు, పక్కన అగాధాలు, మీద దేవదారు జాతి చెట్లు. కొండ దిగితే కాన్. ఈనాడు ధనికుల విహారస్థలంగా లోకమెరిగిన ఆ ఊరు అప్పుడు ఇసుకగట్టు మీది చిన్న జాలరిపల్లె. తరువాత ఆంతీబ్, ఆ తరువాత వార్ నది. నది ఆవలి ఒడ్డు ఫ్రాన్సు కాదు. నీస్ అప్పుడు సార్డీనియా రాజు ఏలుబడిలోనిదే. డిసెంబరు మొదటికి వారు నీస్ చేరారు.

ఇక్కడ స్మాలెట్ కలం మారుతుంది. కోటగోడ మీద నిలబడి చుట్టూ చూసినప్పుడు తాను ఏదో మంత్రనగరిలో ఉన్నట్లు తోచినదని ఒప్పుకుంటాడు. చలికాలం నడిమధ్యన పచ్చని తోటలు, కాయలతో వంగిన నారింజ, నిమ్మ చెట్లు, పూస్తున్న గులాబీలు, మడులలో బఠానీ. కోపిష్ఠి అని పేరుపడ్డవాని కలం నుంచి వచ్చిన ఈ వర్ణన, నీస్ తీరాన్ని ఇంగ్లీషువారి శీతకాలపు విడిదిగా మార్చిన రచనలలో ఒకటైనది. మే నెలలో ఆయన సముద్రస్నానం మొదలుపెడితే ఊరివారు విస్తుపోయారట. మర్యాద వదులుకుంటే తప్ప స్త్రీలకు ఆ అవకాశం లేదని ఆయనే రాశాడు. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. గట్టున నిలబడిన స్త్రీలను ఆయన చూశాడన్నమాట. చూసి, ఒక నియమంగా మాత్రం చెప్పి, ముందుకు సాగిపోయాడు. గ్రంథం చివర 1763 నవంబరు నుంచి 1765 మార్చి దాకా నీస్ వాతావరణం దినచర్యగా చేర్చాడు. ఏ రోజు ఎండ, ఏ రోజు వాన, ఏ రోజు గాలి అన్నది మనకు తెలుస్తుంది. ఆ ఇంటిలో ఏ రోజు ఎవరు ఏడ్చారో తెలియదు.

ఒకేఒక్కచోట భార్య నిజంగా కనిపిస్తుంది. 1764 శరత్కాలంలో వారు ఇటలీ చూడబోయారు. నీస్ నుంచి జెనోవాకు బండిబాట లేదు. కొండ అంచున కంచరగాడిదల దారి ఒక్కటే. అందుచేత తీరం వెంబడి పడవలో పోయి, రాత్రిళ్లు దరిచేరి, దొరికిన చోట తలదాచుకున్నారు. రోము చూసి తిరిగివచ్చేటప్పుడు ఒక రాత్రి ఫ్లారెన్సు నగరం బయట చిక్కుపడి, కోటగోడల వెంట చీకటిలో, బురదలో మైళ్ల దూరం కాలినడకన పోవలసివచ్చింది. ఎన్నడూ ఒక మైలు నడిచి ఎరగని సుకుమారి తన వెంట అడుగులు వేస్తున్నదని అప్పుడు స్మాలెట్ తలెత్తి చూశాడు. సత్రంవాళ్లమీది తిట్లన్నిటికంటే ఆ పుట నాకు విలువైనది. బిడ్డ పోయిన తరువాత దేశాంతరంలో ఆ దంపతులు ఇద్దరూ పక్కపక్కన నడవడం పాఠకుడు చూడగలిగేది అక్కడే. విషాదమన్న మాట ఆ ఘట్టంలో లేదు, ఉండనక్కరలేదు.

లారెన్స్ స్టెర్న్ 1768లో తన ‘భావుకయాత్ర’లో స్మాలెట్‌కు ‘స్మెల్ఫంగస్’ అని మారుపేరు పెట్టి, కామెర్ల కళ్లతో లోకాన్ని చూసినవాడని ఎగతాళి చేశాడు. ఆ పేరు అతికింది, ఇప్పటికీ వదలలేదు. కాని స్టెర్న్ కూడా అంతకుముందు తన భార్యనూ, కూతురు లిడియానూ ఫ్రాన్సుకు రప్పించుకొని, తూలూజ్‌లో, మోంపెలియేలో కాపురం ఉన్నవాడే. 1764లో వారిని అక్కడే ఉంచి ఇంగ్లండుకు తిరిగిపోయాడు. భావుకయాత్రలోని పథికుడు మాత్రం ఒంటరివాడు. దారిలో తారసపడిన ప్రతి స్త్రీని చూసి కరిగిపోగల తీరిక ఉన్నవాడు. సొగసులో స్టెర్న్ అధికుడు, సందేహం లేదు. అయితే కుటుంబాన్ని పుస్తకం నుంచి తప్పించడంలో ఇద్దరూ సమానులే. ఒకడు దుఃఖాన్ని కోపం కింద దాచాడు, మరొకడు సంసారాన్ని చిరునవ్వు కింద దాచాడు. నన్నడిగితే మొదటివానిది తక్కువ తప్పు. మొదటి లేఖలోనైనా కారణం ఒప్పుకున్నాడు.

ఈ దాచడం పురుషులకే పరిమితం కాదు. 1838లో జార్జి సాండ్ తన ఇద్దరు బిడ్డలు మోరిస్, సొలాంజ్‌లతోనూ, రోగి అయిన సంగీతకర్త షోపాన్‌తోనూ శీతకాలం గడపడానికి మయోర్కా ద్వీపానికి పోయింది. క్షయరోగమని భయపడి ఇంటియజమాని వెళ్లగొడితే, సన్యాసులు విడిచిపోయిన వాల్దెమోసా మఠంలో తలదాచుకున్నారు. ఆమె పుస్తకంలో పిల్లలు ఉన్నారు, మఠం వసారాలలో పరుగెత్తుతారు. షోపాన్ మాత్రం పేరులేని ‘రోగి’. ద్వీపవాసుల మీద ఆమె కురిపించిన నిందకు అక్కడి పండితుడు క్వాద్రాదో 1841లోనే ఘాటుగా బదులిచ్చాడు. ఆ నిందలో చాలా భాగం పేరు చెప్పలేని మనిషి కోసం పడిన బాధ అని నా అభిప్రాయం. పేరు చెప్పి ఉంటే ఆ రైతుల మీద అంత కసి అవసరమయ్యేది కాదేమో. ఇందుకు భిన్నంగా డి.హెచ్. లారెన్స్ 1921 జనవరిలో భార్యతో సార్డీనియాకు పోయి రాసిన గ్రంథంలో ఆమె అడుగడుగునా ఉన్నది. మారుపేరుతోనే, కాని మాట్లాడుతూ, ఎదురు చెబుతూ, భర్త చిరచిరలాడితే చికాకుపడుతూ. లారెన్స్ కోపం స్మాలెట్ కోపానికి తీసిపోదు. అయినా పక్కన ఎదురు చెప్పే మనిషి ఉన్నందువల్ల అది మనకు నవ్వు తెప్పిస్తుంది.

మనవారి సంగతి వేరు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కుటుంబంతో, పెద్ద పరివారంతో బయలుదేరి పదిహేను నెలలు తిరిగి రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’లోనూ ఇంటివారు వస్తువు కారు. కాని ఆయన ఉద్దేశం వెనక రాబోయే బాటసారికి దారులూ నదులూ దొరికే వసతులూ తెలియజేయడం. ఆ పని నిష్ఠగా చేశాడు, తన దుఃఖం చెబుతానని వాగ్దానమూ చేయలేదు. కనుక స్మాలెట్ మీద పెట్టిన అభియోగం ఆయనకు తగలదు. నేటి తెలుగు యాత్రారచయితకు ఆ సాకు లేదు. దారులు చెప్పడానికి పటాలు ఉన్నవి. అయినా మనం చదివే పుస్తకాలలో భార్య తరచుగా ‘మా ఆవిడ’ అయి ఒక ఛాయాచిత్రంలో మాత్రం నిలబడుతుంది. ముందు సీటులో అలిగి కూర్చున్న పిల్లవాడు రాడు. వెనక సీటులో మందుల సంచి పట్టుకున్న తల్లి రాదు. ఊరు వస్తుంది, గుడి వస్తుంది, భోజనం వస్తుంది.

స్మాలెట్ కథ ఈ లేఖలతో ముగియలేదు. జబ్బు తిరగబెట్టి ఆయన మళ్లీ ఇటలీ చేరాడు. 1771 సెప్టెంబరులో లివోర్నో సమీపాన మరణించాడు. ఆ ఏడే ఆయన చివరి నవల ‘హంఫ్రీ క్లింకర్’ వెలువడింది. అందులోనూ ఒక కుటుంబం బండిలో దేశాటన చేస్తుంది. అందులోనూ లేఖలే; పెద్దాయన రోగి, ముక్కోపి, సత్రాల మీద విరుచుకుపడేవాడు. కాని ఇక్కడ లేఖలు రాసేది ఆయన ఒక్కడే కాదు. పెళ్లికాని చెల్లెలు రాస్తుంది, మేనల్లుడు రాస్తాడు, మేనకోడలు రాస్తుంది, అక్షరాలు సరిగా రాని దాసి విన్ జెంకిన్స్ కూడా తన ఊరి నేస్తురాలికి రాస్తుంది. మామయ్య దుర్గంధమని తిట్టిన స్నానఘట్టాల ఊరే మేనకోడలి కంటికి స్వర్గం. ఒకే బండి, ఒకే దారి, ఐదుగురి చూపులు. యాత్రాగ్రంథం ఇవ్వలేని న్యాయం నవల ఇచ్చింది. రచయిత ఇది తెలిసి చేశాడని నేను రుజువు చేయలేను. ఆ మేనకోడలికి పదిహేడేళ్లు; బడి నుంచి అప్పుడే బయటపడినది, కనబడినదంతా వింతగా చూస్తుంది. ఎలిజబెత్ బతికి ఉండి 1765లో తల్లిదండ్రులతో నీస్ కోటగోడ మీద నిలబడి ఉంటే ఆమెకూ దాదాపు అదే వయసు.