‘పైపూతయే కదా!’ యనుట సబబా?

మ్రింగు మందనిన భయపడువారు సైతము చర్మముపై పూయు మందును చులకనగా చూతురు. లేపనపు గొట్టముపై ‘పైపూతకు మాత్రమే’ అని అచ్చువేయుట, దానిని మ్రింగరాదని హెచ్చరించుటకు. జనులు మాత్రము ఆ మాటను ‘అపాయము లేదు’ అను హామీగా చదువుకొనుచున్నారు. కార్టికోస్టెరాయిడ్ లేపనముల విషయమున ఈ అపోహ చేయు హాని ఎట్టిదో విచారింపవలసి యున్నది.

మందు గొప్పతనమును కాదనుటకు వీలులేదు. అడ్రినల్ గ్రంథి హార్మోనులపై చేసిన కృషికి 1950లో కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్ అను మువ్వురికి నోబెల్ బహుమానము లభించినది. 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనువారు హైడ్రోకార్టిసోను పైపూతవలన చర్మవ్యాధులు ఉపశమించుటను ప్రకటించిరి. ఎగ్జిమాతో రాత్రులు నిద్రలేక బాధపడు పిల్లలకు ఇది నిజముగా వరమే.

అయితే ఈ మందు చర్మకణములలో ప్రవేశించి, గ్రాహకమను ప్రోటీనుతో కూడి, కొన్ని జన్యువుల పనిని పెంచును, కొన్నింటి పనిని తగ్గించును. వాపు, దురద తగ్గుట దాని ఫలమే. కాని అదే కారణమున పైచర్మములోని కణముల విభజన కూడ మందగించును. లోచర్మమునకు బలమిచ్చు కొల్లాజెన్ తయారగుట తగ్గును. నీటిని పట్టియుంచు హయలురోనిక్ ఆమ్లము క్షీణించును. ఎడతెగక వాడినచో చర్మము పలుచబడి, సన్నని రక్తనాళములు ఎఱ్ఱని దారములవలె పైకి కనబడును. చిన్న దెబ్బకే చర్మము కమిలిపోవును. మందు మానిన పిమ్మట పైచర్మము చాలవరకు కోలుకొనును గాని, పడిన చారలు శాశ్వతముగా నిలిచిపోవును.

ఇంత హాని జరుగుచున్నను వాడువారు ఏల గ్రహింపరు? మొదట కనబడునది మేలువలె తోచుటయే కారణము. స్టెరాయిడ్ పూసినచోట రక్తనాళములు ముడుచుకొని చర్మము తెల్లబారును. 1962లో మెకెంజీ, స్టౌటన్ అనువారు ఈ తెల్లబారుటను బట్టియే స్టెరాయిడ్ల బలమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ప్రయోగశాలలో మందు బలమునకు కొలతగా చూడబడు గుర్తునే అద్దము ముందు నిలిచినవారు అందమని భ్రమించుచున్నారు! కొన్నాళ్లు వాడి మానినంతనే ముఖము ఎఱ్ఱబారి మండును. ఆ మంటను అణచుటకు మరల అదే లేపనము పూయుదురు. అలవాటు బిగియుచుండును, చర్మము పలుచనగుచుండును.

పైగా ముఖము ఈ మందును మిక్కిలిగా పీల్చుకొను చోటు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ ప్రకటించిన కొలతలలో ముంజేయి పీల్చుకొను మందును 1 అనుకొనినచో, అరికాలు 0.14, నుదురు 6, దవడ మూల 13. అరికాలికి చాలని మందు చెంపకు మితిమీరినది కావచ్చును.

మన దేశమున 2011లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ముఖ చర్మవ్యాధులతో వచ్చిన 2926 మందిలో 433 మంది ఈ లేపనములను వాడుచుండిరి. వారిలో సగముకంటె ఎక్కువమందికి సలహా ఇచ్చినవారు వైద్యులు కారు. ఆనాటి మందుల నిబంధనలలో, చీటీపై మాత్రమే అమ్మవలసిన మందుల పట్టికనుండి పైపూతలకు మినహాయింపు ఉండెను. ‘పైపూతయే కదా’ అను లోకుల మాటనే నిబంధనయు పలికినట్లైనది. 2018 మార్చిలో 14 స్టెరాయిడ్ల పైపూతలకు ఈ మినహాయింపును తొలగించిరి. మేలే గాని, నిబంధన మారినంతనే నమ్మకము మారదు.

ఇది చదివి, బిడ్డ ఎగ్జిమాకు వైద్యుడు వ్రాసిన లేపనమును పారవేయుటయు అవివేకమే. తగిన బలముగల మందును, తగిన చోట, తగినన్ని దినములు వాడినచో భయము లేదు. పెద్దవారి చూపుడు వ్రేలి చివరి కణుపు పొడవున గొట్టమునుండి తీసిన లేపనము సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత మేరకు చాలును. చాలకాలముగా ముఖమునకు పూయుచున్నవారు మానుటకు ముందు చర్మవైద్యుని సంప్రదించుట మంచిది.

రంగు మారినది గనుక మేలు జరిగినదనుట తర్కదోషము. చర్మ నిర్మాణమును బోధించు ఉపాధ్యాయుడు ఈ ఒక్క దోషమును తరగతిలో విప్పి చెప్పగలిగినచో, విద్యార్థులు లేపనము కొనుటకు ముందు దాని గొట్టముపైనున్న మందు పేరును చదువుట నేర్చుకొందురు.